చవితి పత్రికి ఖాళీ ప్లాట్లలోకి వెళ్లే ముందు

వినాయక చవితి వచ్చేది మన సీమలో వానలు బాగా పడే రోజుల్లోనే. కర్నూల్లో హంద్రీ ఒడ్డున, కేసీ కాలువ గట్టు మీద, కల్లూరు వైపు ఖాళీ ప్లాట్లలో అప్పటికి నడుమెత్తు పిచ్చిమొక్కలు లేచి ఉంటాయి. పండగ పొద్దున్నే పిల్లల చేతికి కవరిచ్చి పత్రి తెంపుకురమ్మని పంపేస్తాం. ఈసారి అలా పంపకండి. 21 పత్రిలో జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు మూడూ విషమున్నవే. పూజలో పెట్టుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు, కోసేది మాత్రం పెద్దవాళ్లే అయి ఉండాలి.

అన్నిట్లోకీ ఎక్కువ భయపడాల్సింది జిల్లేడు పాలకే. ఆకు తుంచగానే తొడిమ దగ్గర తెల్లగా ఉబికి, వేళ్లకు జిగటగా అంటుకుంటాయి. చెమట కారుతోందని అదే చేత్తో కన్ను తుడుచుకుంటే చాలు. మొదట్లో పెద్దగా నొప్పి తెలియకపోవచ్చు, అందుకే ఏం కాలేదులే అనుకుంటారు. తర్వాత నల్లగుడ్డు మీది పొర వాచి చూపు మసకబారుతుంది. పాలు పడిన వెంటనే కుళాయి నీళ్లతో పావుగంటకు తగ్గకుండా కడగండి. తల్లిపాలు, ఆముదం లాంటివి పోయొద్దు. నొప్పి లేకపోయినా అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి, పండగ అయ్యాక వెళదాం అనొద్దు. అసలు కోసేటప్పుడే గ్లౌజులు వేసుకుని, కత్తెర వాడి, పాలు కారడం ఆగాక ఆకుల్ని కడిగి సంచిలో వేసుకుంటే ఈ టెన్షనే ఉండదు.

ఉమ్మెత్తలో ఆకు కంటే ముళ్లకాయతోనే జాగ్రత్త. పిల్లలు దాన్ని పగలగొట్టి ఆడతారు, లోపలి గింజలు మిరప గింజల్లాగే ఉంటాయి. నోట్లో వేసుకుంటే నోరెండిపోయి, కంటిపాపలు పెద్దవై, ఏదేదో మాట్లాడతారు. గన్నేరు గుండె మీదే దెబ్బ కొడుతుంది. వీధుల్లో కనబడే పచ్చగన్నేరు కాయలూ అంతే. ఏది మింగినా ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నాలు మాని, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. తిన్న మొక్క కొమ్మ ఒకటి వెంట ఉంటే డాక్టర్లకు పని తేలికవుతుంది.

ఇంకొకటి, మాచిపత్రి అనుకుని వయ్యారిభామను పెరికి తెచ్చేవాళ్లున్నారు. చీలికలు చీలికలుగా ఉన్న ఆకు దూరం నుంచి ఒకేలా కనబడుతుంది. మాచిపత్రి ఆకు అడుగు తెల్లటి నూగుతో ఉంటుంది, వాసన ఘాటుగా బాగుంటుంది. వయ్యారిభామకు చిట్టి చిట్టి తెల్లపూలు గుత్తులుగా ఉంటాయి. ఇది ఒంటికి తగిలితే కొందరికి దద్దుర్లు, పుప్పొడికి తుమ్ములు, ఆయాసం. 1950ల్లో పూణె దగ్గర గుర్తించిన ఈ కలుపు ఇప్పుడు మన ప్రతి సందులోనూ ఉంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ ప్లాట్ల వైపే వెళ్లొద్దు. అనుమానమొస్తే మాచిపత్రి వరకు సీ క్యాంపు రైతుబజార్ దగ్గర కొనుక్కోండి.

మొక్కల్లోకి దిగేముందు కర్రతో తట్టండి, బూట్లు వేసుకోండి. రక్తపింజరి గడ్డిలో కదలకుండా పడి ఉంటుంది. కాటేస్తే కట్టు కట్టడం, కోయడం వద్దు. కాలు కదలనివ్వకుండా నేరుగా ఆసుపత్రికే. కంపచెట్ల ముల్లు పల్చటి చెప్పుల్లోంచి దిగిపోతుంది. ఆకులు మాడినట్టు పసుపురంగులో ఉన్న ప్లాటులో గడ్డిమందు కొట్టి ఉంటారు, అక్కడ ఒక్క ఆకు కూడా ముట్టుకోవద్దు.

పత్రి అంతా ఔషధమేనని ఫోన్లలో తిరిగే మెసేజీలు చూసి పూజయ్యాక కషాయం కాచుకోకండి. ఆ ఆకుల్ని వీధిలో ఆవులకూ వేయకండి. గన్నేరు ఎండినా దాని విషం పోదు, కొద్ది ఆకులకే పశువు చచ్చిపోతుంది. నిమజ్జనానికి పంపనివేమైనా మిగిలితే పశువులు తవ్వలేనంత లోతుగా గుంత తీసి పూడ్చేయండి.