స్వాట్ రాసుకోవడం ఎలా: ముందు ఆ "పర్‌ఫెక్షనిస్ట్" కొట్టేయండి

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ అని ఒకాయన వచ్చి బోర్డు మీద పెద్ద ప్లస్ గుర్తు గీసి, నాలుగు గళ్ళలో ఎస్, డబ్ల్యూ, ఓ, టీ అని రాసి (స్ట్రెంత్స్ అంటే బలాలు, వీక్‌నెసెస్ అంటే బలహీనతలు, ఆపర్చునిటీస్ అంటే అవకాశాలు, థ్రెట్స్ అంటే గండాలు, నాలుగూ కలిపితే స్వాట్), పది నిమిషాల్లో మీ గురించి నింపండి అన్నాడు. నేను పక్కోడి పేపర్ చూసి హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్ అని రాసేశా, వీక్‌నెస్ దగ్గర పర్‌ఫెక్షనిస్ట్ అని పెట్టా, తీరా చూస్తే క్లాసులో సగం మంది పర్‌ఫెక్షనిస్టులే. ఆ పేపర్ వల్ల నా గురించి నాకు కొత్తగా తెలిసింది సున్నా.

మళ్ళీ ఆ నాలుగు గళ్ళు గీసింది 2024 బోనాలప్పుడు, అదీ నా కోసం కాదు, మా చిన్నాన్న కొడుకు కోసం. వాడు అప్పుడు హైదరాబాద్ చిక్కడపల్లిలో రూమ్ తీసుకుని తెలంగాణ గ్రూప్-2 ఉద్యోగాల పరీక్షకి చదువుతున్నాడు. ఆగస్టులో ఉండాల్సిన పరీక్ష డిసెంబర్‌కి పోయిందని అప్పుడే తెలిసింది, మొహం వేలాడేసుకుని మా ఇంటికొచ్చాడు. "అన్నా, నాకసలు ఏం వస్తదో ఏం రాదో కూడా తెలుస్తలేదు" అన్నాడు. మర్నాడు పొద్దున వాణ్ణి కూర్చోబెట్టి లాంగ్ నోట్‌బుక్ తీశా. అప్పుడు మేం చేసిందే చెప్తా, మీరు ఉద్యోగం మారాలన్నా, వ్యాపారం పెట్టాలన్నా ఇదే దారి.

పేజీ పైన మొదట రాయాల్సింది ఒక ప్రశ్న. "నేనెలాంటి వాణ్ణి" లాంటిది కాదు, దానికి జవాబు రాదు. మా వాడు రాసింది "డిసెంబర్ గ్రూప్-2 కొట్టాలంటే నా పరిస్థితేంటి" అని. ప్రశ్న ఎందుకంటే ఒకే గుణం ఒకచోట బలం, ఇంకోచోట బలహీనత అవుతుంది కాబట్టి. కనపడిన ప్రతివాడితో గంటసేపు కబుర్లు చెప్పే మనిషి సేల్స్‌లో బంగారం, అదే మనిషి లైబ్రరీలో కూర్చుంటే ఆ రోజు చదువు గోవిందా.

తర్వాత గళ్ళ జోలికి వెళ్ళొద్దు. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, డైరెక్ట్‌గా ఎస్ గడిలో విశేషణాలు నింపుతారు. ముందు వేరే పేజీలో పోయిన ఆర్నెల్లలో జరిగిన సంఘటనలు ఓ పది రాయండి, ఎక్కడ పని బాగా కుదిరింది, ఎక్కడ తిట్లు పడ్డాయి, ఎక్కడ డబ్బో టైమో తగలబడింది, ఎవరు మిమ్మల్ని ఏ సాయం అడిగారు. గుర్తురాకపోతే ఫోన్ తీయండి, స్క్రీన్ టైమ్, యూపీఐ హిస్టరీ, వాట్సాప్ చాట్లు, ఇవి మొహమాటపడవు. మా వాడు "ఎకానమీ వీక్" అని గట్టిగా నమ్మాడు. మాక్ టెస్ట్ పేపర్లు తెమ్మన్నా, 14 ఉన్నాయి, మంచం మీద పరిచి చూస్తే ఎకానమీలో మార్కులు బానే ఉన్నాయి, కానీ 14లో మూడింటికే తప్పులు ఎందుకొచ్చాయో చూసుకున్న గుర్తులున్నాయి, మిగతా 11 రాసి పక్కన పడేశాడు. అంటే వీక్‌నెస్ సబ్జెక్ట్ కాదు, రాసిన పేపర్ ముఖం మళ్ళీ చూడకపోవడం. ఇది వాడికి మూడేళ్ళుగా తెలీదు.

ఇక వేరేవాళ్ళని అడగడం. 1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అని ఇద్దరు సైకాలజిస్టులు జోహరి విండో అని ఒకటి చెప్పారు (ఇద్దరి పేర్లు కలిపితే జోహరి), అందులో ఒక గడి మొత్తం మనకి తెలియకుండా ఎదుటివాళ్ళకి మాత్రమే కనపడేదానికే. మన వెనక జడలో పువ్వు వాడిపోతే పక్కవాళ్ళు చెప్పాలి కదా, అలాగన్నమాట. కానీ "నా వీక్‌నెస్ ఏంటి" అని అడిగితే ఎవరూ చెప్పరు, "నువ్వు మంచోడివిరా" అంటారు. అందుకని ఇలా అడగండి: "నాకు ఏ పని చెప్పాలంటే ఆలోచిస్తావ్? ఏ పనికి ముందు నేనే గుర్తొస్తా?" ఇంట్లో ఒకరు, పని దగ్గర ఒకరు, మీతో ఒకసారైనా గొడవపడినవాళ్ళు ఒకరు, ముగ్గురు చాలు. మా వాడు స్పీకర్‌లో పెట్టి చిన్నమ్మని అడిగాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించలేదు, "గ్యాస్ బుక్ చెయ్యమని నీకెప్పుడు చెప్పిన? రేపు రేపంటవ్, నేనే చేసుకుంట" అంది. వాడి రూమ్మేట్ మాత్రం "రీజనింగ్ డౌట్ వస్తే లైబ్రరీలో అందరూ వీడి టేబుల్ దగ్గరికే వస్తరు" అన్నాడు, అది వాడు అసలు లిస్టులోనే రాయలేదు, "అది కూడా స్ట్రెంతేనా అన్నా" అంటాడు.

ఇప్పుడు గళ్ళు నింపండి. ఎస్, డబ్ల్యూ మన లోపలివి. ఓ, టీ బయటివి, అవకాశాలు, గండాలు. చాలామంది ఇంటర్వ్యూ అంటే భయం అనేది తీసుకెళ్ళి టీలో పడేస్తారు, భయం మీలో ఉంది, అది డబ్ల్యూ. నేను పెట్టుకున్న లెక్క ఒక్కటే, నేను ఊళ్ళో లేకపోయినా అది ఉంటుందా? ఉంటే బయటిది. పరీక్ష వాయిదా అలాంటిది, 783 పోస్టులకి 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ వచ్చింది, పరీక్ష 2023 ఆగస్టు నుంచి నవంబర్‌కి, అక్కడ్నుంచి 2024 జనవరికి, మళ్ళీ ఆగస్టుకి, చివరికి డిసెంబర్‌కి వాయిదా పడుతూ పోయింది, మీరెంత బాగా చదివినా దాన్ని ఆపలేరు. అలాంటివి టీలో రాసి దాని గురించి తిట్టుకోవడం మానేయాలి, ఖర్చులకి ఏం చేద్దాం అని మాత్రం ఆలోచించాలి. ఒక్కో గడిలో నాలుగు మించొద్దు, పదిహేను రాస్తే ఏదీ చెయ్యం.

గళ్ళు నింపి ఫోటో తీసుకుని వదిలేస్తే మళ్ళీ ప్లేస్‌మెంట్ క్లాసే. అసలు పని గళ్ళని జత చెయ్యడంలో ఉంది. 1982లో హైంజ్ వైరిక్ అనే ప్రొఫెసర్ దీన్నే టౌస్ మ్యాట్రిక్స్ అని రాశాడు, బలంతో ఏ అవకాశం పట్టుకోవచ్చు, బలంతో ఏ గండం దాటొచ్చు, అవకాశాన్ని వాడి ఏ బలహీనత తగ్గించొచ్చు, బలహీనత, గండం రెండూ కలిసిన చోట ఎలా తప్పుకోవాలి. నాలుగూ రాయక్కర్లేదు, ఒకటి రెండు చాలు. మా వాడికి ఎస్, టీ జతలో దొరికింది: రీజనింగ్ బాగా చెప్తాడు, పరీక్ష వెనక్కి పోయి రూమ్ రెంట్‌కి ఇబ్బంది, కాబట్టి సాయంత్రం గంటన్నర ఇద్దరు బ్యాంక్ ఎగ్జామ్స్ పిల్లలకి రీజనింగ్. డబ్ల్యూ, ఓ జతలో, ఇంకా నాలుగు నెలల పైన టైముంది, కాబట్టి పాత 11 పేపర్లూ వారానికి ఒకటి, తప్పుల పక్కన కారణం రాయాలి, అది ఆదివారం రాత్రి పదిలోపు నాకు ఫోటో రావాలి. నాకే ఎందుకంటే వాడు తనకి తాను ఇచ్చుకున్న గడువు గ్యాస్ సిలిండర్ లాంటిదే.

ఒక మాట, ఇది మనసు బాగాలేని రోజు చెయ్యకండి, ఆ రోజు డబ్ల్యూ గడి తప్ప ఏదీ నిండదు. వాడు వచ్చిన రోజు మేం బోనం అన్నమూ మటన్ కూరా తిని పడుకున్నాం, పేపర్ తీసింది మర్నాడు పొద్దున. మూడు నెలల తర్వాత అదే పేజీ తీసి వేరే రంగు పెన్నుతో దిద్దుకోండి, కొత్తది రాస్తే ఏం మారిందో తెలీదు.

మా వాడి ఫోటోలు మొదటి రెండు ఆదివారాలు అర్ధరాత్రి దాటాక వచ్చాయి, తర్వాత తొమ్మిదింటికే వచ్చేవి, తప్పుల పక్కన ఎర్ర పెన్నుతో "తొందర", "ప్రశ్న సరిగ్గా చదవలే" అని. గ్యాస్ మాత్రం ఇప్పటికీ చిన్నమ్మే బుక్ చేసుకుంటోంది.