షుగరు ఉన్నవాళ్ల కాళ్లు: ఏం కనిపిస్తే ఏం చేయాలి

షుగరు ఉన్నవాళ్లలో నొప్పి పెట్టే కాలి కన్నా, నొప్పి తెలియని కాలిని చూస్తేనే నాకు భయం. ముల్లు గుచ్చుకుని నొప్పి తెలిసినవాళ్లు ఆగి తీసుకుంటారు. తెలియనివాళ్లు దాని మీదే సాయంత్రం దాకా నడుస్తారు. శ్రీకాకుళం చుట్టుపక్కల ఊళ్ల నుంచి కట్టు కట్టించుకోడానికి వచ్చేవాళ్లలో చాలామందిది ఒకటే మాట: "నొప్పి లేదు కదమ్మా, అందుకే చూసుకోలేదు."

సమస్య: అరికాళ్లలో తిమ్మిరి, మంట, చీమలు పాకినట్టు ఉండటం. చెప్పు జారిపోయినా తెలియకపోవడం.

కారణం: షుగరు ఏళ్ల తరబడి అదుపులో లేక కాలి నరాలు దెబ్బతినడం. దీని పరీక్షకు పెద్ద మెషిన్లు అక్కర్లేదు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నటి నైలాన్ పోగును అరికాలికి ఆనించి, తెలుస్తోందా అని అడుగుతారు. ఏడాదికొకసారైనా అడిగి మరీ చేయించుకోండి.

పరిష్కారం: రోజూ రాత్రి కాళ్లు కడుక్కుని అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. వంగలేనివాళ్లు నేల మీద అద్దం పెట్టుకోవచ్చు, మనవడి చేత ఫోన్లో ఫొటో తీయించుకోవచ్చు. హవాయి చెప్పులు మానేసి, వెనక బెల్టు ఉన్న ఎంసీఆర్ చెప్పులు (మెత్తటి ప్రత్యేక రబ్బరుతో చేసినవి) వాడండి. వేసుకునేముందు లోపల చేత్తో తడమండి. ఇంట్లోనూ వట్టికాళ్లతో తిరగొద్దు. మంటలు తగ్గుతాయని వేడినీళ్లలో కాళ్లు పెట్టొద్దు, బొబ్బలెక్కినా తెలియదు. అరసవల్లి, శ్రీకూర్మం వెళ్తే బండలు కాలకముందే, పొద్దున్నే దర్శనం చేసుకోండి. ఇంట్లో ఎలుకలుంటే నేల మీద పడుకోవద్దు. మొద్దుబారిన వేలిని రాత్రి ఎలుక కొరికితే, తెల్లారి దుప్పటికి రక్తం చూసేదాకా తెలియదు.

సమస్య: మెట్టె బిగుసుకుని వేలు ఎర్రబడటం.

వేలు వాచిందన్నమాట. ఒకావిడ మెట్టె కత్తిరించి తీస్తే, కింద చర్మం చుట్టూతా గాడిలా తెగి, తడిగా, చీము వాసన వస్తోంది. ఆవిడకి మాత్రం కాస్త దురదగా ఉందంతే. మెట్టెలు తీయమంటే మన ఆడవాళ్ల మనసు ఎంత కష్టపడుతుందో నాకు తెలుసు. కానీ వాపు, పుండు ఉన్నన్నాళ్లు తీసి దేవుడి దగ్గర పెట్టుకోండమ్మా. మానాక కంసాలి చేత వదులు చేయించి పెట్టుకోవచ్చు.

సమస్య: ఆనెకాయ, మడమల పగుళ్లు, వేళ్ల సందులు పాసిపోవడం.

ఆనెకాయ వచ్చిందంటే అక్కడ ఒత్తిడి ఎక్కువగా పడుతోందని అర్థం. దాని మధ్యలో నల్లమచ్చ కనిపిస్తే లోపల పుండు మొదలైనట్టే. బ్లేడుతో కోయొద్దు, ఆనెకాయల పట్టీలు అంటించొద్దు, వాటిలో ఉండే యాసిడ్ మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది. డాక్టరు చేతే చెక్కించాలి. పగుళ్లకు కొబ్బరినూనె చాలు. పలాస వైపు దొరికే జీడిపిక్కల తొక్క నూనె జోలికి వెళ్లొద్దు, అది చర్మాన్ని కాల్చేస్తుంది. వరినాట్లప్పుడు బురదలో నానిన వేళ్ల సందుల్లో ఫంగస్ చేరుతుంది. పొడిగుడ్డతో సందు సందూ తుడిచి, డాక్టరు రాసిన ఫంగస్ క్రీము రాయాలి. అక్కడ నూనె పనికిరాదు.

సమస్య: పుండు వారాల తరబడి మానకపోవడం.

ఆయింట్‌మెంట్ పనిచేయలేదని ఇంకోటి కొంటారు. పసుపు అద్దుతారు, ఆకు పసరు పోస్తారు. అసలు కారణం చాలాసార్లు నడకే. అరికాలి పుండు మీద ఒళ్లు బరువంతా మోపుతుంటే ఏ మందూ నిలవదు. అందుకే పుండు మీద బరువు పడకుండా ప్రత్యేకంగా వేసే పిండికట్టు గానీ, ఆ భాగం ఆనకుండా చేసిన చెప్పు గానీ అడగండి. నా లెక్కలో ఖరీదైన యాంటీబయాటిక్ కన్నా ముందు ఆలోచించాల్సింది ఇదే.

రెండో కారణం రక్తప్రసారం తగ్గడం. కాలు చల్లగా ఉన్నా, నాలుగడుగులు వేయగానే పిక్కలు పట్టేస్తున్నా కాలికి రక్తం ఎంత అందుతోందో చూసే డాప్లర్ పరీక్ష చేయించాలి. చుట్ట, బీడీ రక్తనాళాల్ని ఇంకా మూసేస్తాయి. మా వైపు అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే పెద్దావిడలకు ఈ మాట గట్టిగానే చెబుతాను. మానిన పుండును కూడా నమ్మొద్దు. సుమారు 40 శాతం మందికి ఏడాదిలోపే తిరగబెడుతుంది, కాబట్టి ఆ చెప్పులు, ఆ రోజువారీ చూపు మానకూడదు.

సమస్య: పుండు లేదు, నొప్పి అంతగా లేదు, కానీ ఒక కాలు ఎర్రగా వాచి వేడిగా ఉంది.

బెణికిందని తోమించేది ఇక్కడే. ఇది చార్కో పాదం కావచ్చు, అంటే నరాలు దెబ్బతిన్న పాదంలో వచ్చే ఎముకల జబ్బు. అదైతే లోపల ఎముకలు విరిగి, కీళ్లు పక్కకి జరుగుతుంటాయి. నడిచిన కొద్దీ పాదం ఆకారమే మారిపోతుంది. కాలు కింద పెట్టడం ఆపి, ఆ రోజే డాక్టరుకి చూపించండి. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే రావచ్చు, అలా వచ్చిందని నడవడం మొదలుపెట్టొద్దు.

సమస్య: వేలు నల్లబడటం, చెడు వాసన, ఎరుపు పైకి పాకడం, చలిజ్వరం.

తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి. కిడ్నీ జబ్బు ఉంటే, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం వైపు వాళ్లు మరీ ముఖ్యంగా, ఆ సంగతి మొదటే చెప్పండి. కొన్ని నొప్పి మాత్రలు, కొన్ని యాంటీబయాటిక్‌లు కిడ్నీలకు పడవు, డాక్టరు దాన్నిబట్టి మందు మారుస్తారు.