సొంత విమానమా, అద్దె విమానమా? – 3వ పాఠం: గంట లెక్క

కిందటి పాఠంలో ఖర్చుల్ని రెండు కుప్పలు చేశాం: విమానం ఎగిరినా ఎగరకపోయినా కట్టాల్సినవి, ఎగిరితేనే అయ్యేవి. ఏడాదికి ఎన్ని గంటలు ఎగిరితే కొనడం గిట్టుబాటవుతుందో ఇప్పుడు తేలుద్దాం. విమానం సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానం అనుకోండి. రూపాయల అంకెలన్నీ అభ్యాసం కోసం పెట్టుకున్నవే, మీకొచ్చిన కొటేషన్లు వాటి స్థానంలో వేసుకోండి.

ముందు ఏడాది ఖర్చు. హ్యాంగర్ అద్దె 3 లక్షలు, ఇన్సూరెన్స్ 2 లక్షలు, వార్షిక తనిఖీ, ఎయిర్‌వర్తీనెస్ (ఎగరడానికి పనికొస్తుందనే) కాగితాలు 4 లక్షలు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. విమానానికి పోసిన కోటి రూపాయలు బ్యాంకులో ఉంటే 7 శాతం వడ్డీ వచ్చేది కదా, ఆ 7 లక్షలూ ఖర్చే. మొత్తం 16 లక్షలు.

ఇక గంట ఖర్చు. సుమారు 35 లీటర్ల ఆవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోలు), లీటరు 200 చొప్పున 7,000. ఆయిల్, టైర్లకు 500. వంద గంటలకోసారి చేయించే తనిఖీకి లక్ష, అంటే గంటకు 1,000. ఇంజిన్ ఓవర్‌హాల్‌కి, అంటే మొత్తం విప్పి కొత్తదానిలా చేయించడానికి 30 లక్షలు, 2,000 గంటలకు పంచితే 1,500. మొత్తం 10,000.

ఇంధనంతో కలిపి అద్దె గంటకు 18,000 అనుకుంటే, సొంత విమానంలో గంటకు మిగిలేది 8,000. 16 లక్షల్ని దానితో భాగిస్తే 200 గంటలు. అంతకు తక్కువ ఎగిరేవాళ్లకు అద్దే చవక.

అసలు మెలిక ఓవర్‌హాల్ దగ్గరుంది. ఇప్పటి సెస్నా 172లో ఉండే లైకమింగ్ కంపెనీ ఇంజిన్‌కు తయారీదారు చెప్పే గడువు 2,000 గంటలే కాదు, లేదా 12 ఏళ్లు, ఏది ముందొస్తే అది. ఏడాదికి 50 గంటలు ఎగిరేవారికి 12 ఏళ్లలో అయ్యేది 600 గంటలే. అప్పుడు ఓవర్‌హాల్ వాటా గంటకు 1,500 కాదు, 5,000. ఏడాదికి 167 గంటల లోపు ఎగిరేవాళ్లు ఈ 30 లక్షల్ని గంటల కుప్పలోంచి తీసి, సాలుకు 2.5 లక్షలుగా మొదటి కుప్పలో వేయాలి. ఏడాది ఖర్చు 18.5 లక్షలు, గంటకు 8,500 అవుతాయి. 50 గంటలకు మొత్తం 22.75 లక్షలు, అంటే గంటకు 45,500! అద్దెకైతే 9 లక్షలతో పోయేది. తడిసి మోపెడవడమంటే ఇదే.

పైగా మన హైదరాబాద్‌లో 200 గంటలు కుదరడం తేలిక కాదు. ఉద్యోగస్తులకు శని, ఆదివారాలే దిక్కు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులు కిందికి దిగితే కంటిచూపు మీద ఎగిరేవాళ్లు ఇంట్లోనే. హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాల గగనతలాన్నీ చూసుకోవాలి. ఆ నెలల్లో నిలబడ్డ ఇంజిన్ ఊరికే ఉండదు: లోపలి వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్ అనే కడ్డీ మీది ఆయిల్ జారిపోయి తుప్పు మొదలవుతుంది. నేలమీదే పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే లోపల తేమ చేరి మరింత చేటు. ఆయిల్ బాగా కాగేదాకా గాల్లో ఉండాలి, దానికీ చేతి చమురు వదలాల్సిందే.

‘నేను ఎగరనప్పుడు అద్దెకిస్తా’ అంటారు కొందరు. అమెరికా వీడియోలు చూసి వేసే కాకిలెక్క అది. మన దేశంలో ప్రైవేట్ కేటగిరీలో నమోదైన విమానాన్ని డబ్బుకు తిప్పకూడదు.

అద్దె బిల్లులో ఒకటి గమనించండి. విమానం నడిచిన గంటల్ని లెక్కించే మీటర్లు రెండు రకాలు. హాబ్స్ మీటర్ ట్యాక్సీ చేస్తున్నప్పుడు, అంటే నేలమీద నడుపుతున్నప్పుడు కూడా మామూలు గడియారంలా తిరుగుతుంది. ట్యాక్ మీటర్ తక్కువ ఆర్‌పీఎంలో (ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) నెమ్మదిస్తుంది. అద్దె ఏ మీటర్ మీదో ముందే అడగండి. హాబ్స్ అయితే రన్‌వే కోసం క్యూలో నిలబడ్డ నిమిషాలకూ పూర్తి డబ్బు పోతుంది.

అభ్యాసం: నలుగురు స్నేహితులు సమాన వాటాతో ఇదే విమానం కొని, ఒక్కొక్కరు ఏడాదికి 40 గంటలు ఎగిరారు. అద్దెతో పోలిస్తే తలా ఎంత ఎక్కువైంది? జవాబు లక్షలోపే రావాలి. దాటితే ఓవర్‌హాల్ డబ్బు రెండు కుప్పల్లోనూ వేశారన్నమాట, మళ్లీ చూడండి.