టోనీల రాత్రి కలిసి చూడటం, చూసినదాన్ని గుర్తుంచుకోవడం

న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే నాటకాలకు ఇచ్చే టోనీ పురస్కారాల టెలివిజన్ ప్రసారంలో ఒక సంగీత నాటకానికి దక్కేది నాలుగైదు నిమిషాలు మాత్రమే. రెండున్నర గంటల కథలోంచి ఒక పాటనో, రెండు మూడు పాటల ముక్కలను కలిపి కుట్టిన మాలికనో వేదిక మీద పాడి దిగిపోతారు. అయినా పదేళ్ల తరువాత నలుగురు నాటకాభిమానులు కలిసినప్పుడు ఆ నాటకం గురించి మాట్లాడుకునేది చాలావరకు ఆ నాలుగు నిమిషాల ఆధారంగానే. థియేటర్‌లో కూర్చుని మొత్తం చూసినవారి జ్ఞాపకం కూడా మెల్లమెల్లగా ఆ వీడియో రూపంలోకే ఒదిగిపోతుంది. కొన్నేళ్లుగా మిత్రులతో కలిసి ఈ ప్రసారాన్ని చూస్తూ, ఆ తరువాత గంటల తరబడి కబుర్లాడుతూ వచ్చినందువల్ల నాకు ఒక సంగతి స్థిరపడింది. ఆ కబుర్లు రుచిగా సాగాలన్నా, వాటిలోంచి నమ్మదగిన జ్ఞాపకం ఏదైనా మిగలాలన్నా, ఎవరు దేన్ని ఎక్కడ చూశారన్నది ముందుగా తేల్చుకోవాలి. దానికి మేము పాటించే పద్ధతులను ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట నియమాలు కొంత తెలిసి ఉండాలి. లేకపోతే సగం రాత్రి అనవసరమైన వాదనలోనే గడిచిపోతుంది. ఈ పురస్కారాలను అమెరికన్ థియేటర్ వింగ్, బ్రాడ్‌వే లీగ్ అనే రెండు సంస్థలు కలిసి అందజేస్తాయి. పోటీకి అర్హత ఉన్నది న్యూయార్క్‌లోని 41 బ్రాడ్‌వే థియేటర్లలో ఆడిన ప్రదర్శనలకే. బ్రాడ్‌వే థియేటర్ అనిపించుకోవాలంటే సాధారణంగా 500 లేదా అంతకు మించిన సీట్లు ఉండాలి కనుక, చిన్న థియేటర్‌లో అద్భుతంగా ఆడిన నాటకం పేరు జాబితాలో లేదని నామినేషన్ల సంఘాన్ని నిందించి ప్రయోజనం లేదు. సాధారణంగా ఏప్రిల్ చివరికి సీజన్ గడువు ముగుస్తుంది, మే మొదట్లో నామినేషన్లు వెలువడతాయి, జూన్‌లో ఒక ఆదివారం రాత్రి వేడుక జరుగుతుంది. నామినేషన్లను ఒక చిన్న సంఘం నిర్ణయిస్తే, విజేతలను ఎన్నుకునేది ఎనిమిది వందలకు పైబడిన ఓటర్లు. ఈ రెండు వర్గాల అభిరుచి ఒకటి కాకపోవచ్చు. నామినేషన్లలో ముందున్న నాటకం చివరికి వెనుకబడిపోవడానికి అది ఒక కారణం.

ప్రసారం న్యూయార్క్ కాలమానం ప్రకారం సాధారణంగా రాత్రి 8 గంటలకు మొదలవుతుంది. భారతదేశంలో అప్పుడు సోమవారం ఉదయం 5.30 అవుతుంది కాబట్టి, వేర్వేరు దేశాల్లో ఉన్న మిత్రులు ఫోన్‌లో కలిసి మాట్లాడుకుంటూ చూడదలచుకుంటే ఎవరు మేలుకోవాలో, ఎవరు పడుకోకూడదో ముందే అనుకోవాలి. ప్రధాన ప్రసారం కంటే ముందు జరిగే భాగాన్ని వదిలేయకండి. ఇటీవలి సంవత్సరాలలో రంగాలంకరణ, దుస్తులు, వెలుతురు వంటి విభాగాల పురస్కారాలను ‘యాక్ట్ వన్’ పేరుతో వేరే ప్రసారంలో ఇచ్చేస్తున్నారు. 2015లో ‘ఫన్ హోమ్’ నాటకానికి జనీన్ టెసోరీ, లీసా క్రాన్ ఉత్తమ సంగీత రచన పురస్కారం అందుకున్నారు. ఇద్దరూ స్త్రీలే అయిన జంట ఆ పురస్కారం గెలవడం అదే మొదటిసారి. అంతటి ఘట్టం ప్రసారంలో ప్రకటనల విరామంలో పడిపోయింది. సంగీత నాటకానికి సంగీతం రాసినవారిని చూపించడానికి తీరిక లేని సంగీత నాటక ప్రసారం ఏమిటన్న కోపం మా బృందంలో ఇప్పటికీ చల్లారలేదు.

ఇక తయారీలో అసలు పని. వేడుకకు రెండు మూడు రోజుల ముందే ఒక్కొక్కరూ ఒక కాగితం తీసుకుని, నామినేట్ అయిన ప్రతి సంగీత నాటకం పేరుకు ఎదురుగా మూడింటిలో ఒక గుర్తు పెట్టాలి: థియేటర్‌లో చూశాను, పాటల ఆల్బమ్ మాత్రమే విన్నాను, ఏమీ తెలియదు. ఆ గుర్తులను కబుర్లు మొదలయ్యే ముందు అందరి ముందూ చదవాలి. ఇది ఎవరినీ తక్కువ చేయడానికి కాదు. బ్రాడ్‌వే టికెట్ కొని చూడగలిగేవారు అభిమానుల్లో కొద్దిమందే. ఆల్బమ్‌ను వందసార్లు విన్నవారికి పాటల నిర్మాణం గురించి తెలిసినంతగా ఒక్కసారి చూసి వచ్చినవారికి తెలియకపోవచ్చు. అయితే ఆల్బమ్ వినేవారికి నృత్యం కనిపించదు, పాటల మధ్య సంభాషణ ఎంత బలహీనంగా ఉందో తెలియదు. ఎవరి మాట దేనికి సాక్ష్యమో తెలిసినప్పుడు, అభిప్రాయాలు ఎంత గట్టిగా ఢీకొన్నా చర్చ దారి తప్పదు.

అదే కాగితం వెనుక విజేతల అంచనాలు కూడా రాసి మడిచి పెట్టండి. ప్రతి విభాగానికీ రెండు పేర్లు రాయాలి: గెలుస్తారని అనుకుంటున్నవారి పేరు, గెలవాలని కోరుకుంటున్నవారి పేరు. ఈ రెండూ వేరని రాసేటప్పుడు కాని తెలియదు. రాత అన్నది లేకపోతే, ఫలితం వెలువడిన మరుక్షణం గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ నేను ముందే చెప్పానని అంటారు.

ప్రసారం నడుస్తున్నప్పుడు పాటించాల్సిన నియమాలు రెండే. పాట జరుగుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. ప్రకటనల విరామంలో ఎవరైనా ఏమైనా అనవచ్చు. పాట అయిపోయిన వెంటనే, పక్కవారి మాట చెవిన పడకముందే, ప్రతివారూ ఒకే ఒక వాక్యం రాసుకుంటే ఇంకా మంచిది. ఆ వాక్యంలో ‘బాగుంది’, ‘బాగాలేదు’ అన్న మాటలు ఉండకూడదు. కంటితో చూసింది, చెవితో విన్నది మాత్రమే ఉండాలి. థియేటర్‌లో మన చూపు వేదిక మీద ఎటైనా తిరుగుతుంది, ప్రసారంలో కెమెరా చూపించిందే చూస్తాం. ఇరవైమంది ఒకేసారి అడుగు వేసే నృత్యంలో కెమెరా ఒక ముఖానికి దగ్గరగా వెళ్లిపోతే, ఆ నృత్య దర్శకుడి పని కళ్ల ముందే మాయమవుతుంది. కాబట్టి ‘నృత్యం పేలవంగా ఉంది’ అని తీర్పు చెప్పే ముందు, మనం చూసింది నృత్యమా, కెమెరా కోతలా అని ఒకసారి ఆలోచించుకోవాలి. థియేటర్‌లో చూసినవారు ఉపయోగపడేది ఇక్కడే: ఆ సమయంలో వేదిక మిగతా భాగంలో ఏం జరిగేదో వారు మాత్రమే చెప్పగలరు.

తీర్పుల మీద తగువు తప్పదు, తప్పనవసరం లేదు కూడా. దానికి పాత సంవత్సరాలు మంచి సరుకు. 1958లో ఉత్తమ సంగీత నాటకం విభాగంలో ‘ది మ్యూజిక్ మ్యాన్’ చేతిలో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ ఓడిపోయింది. 1960లో ‘ఫియొరెల్లో!’, ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ సమానంగా నిలిచి పురస్కారాన్ని పంచుకున్నాయి. 1972లో ‘టూ జెంటిల్‌మెన్ ఆఫ్ వెరోనా’ గెలిచి ‘ఫాలీస్’ ఓడింది. 2004లో చిన్న బొమ్మల నాటకం ‘అవెన్యూ క్యూ’ బ్రహ్మాండమైన ‘వికెడ్’ను ఓడించింది. ఇలాంటి సంవత్సరం గురించి మాట్లాడేటప్పుడు, ఓడిన నాటకానికి ఆ తరువాత వచ్చిన కీర్తిని పక్కన పెట్టి, ఆ ఏడాది ఓటర్లకు కనిపించిందేమిటని అడగండి. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ని మనలో చాలామంది సినిమాగా చూశాం. ఆ సినిమా 1961లో వచ్చింది, ఓటు పడింది అంతకు మూడేళ్ల ముందు. ఈ ఒక్క లెక్క చూసుకుంటే, ఓటర్లను మూర్ఖులనే మాట సగం తగ్గుతుంది. మిగతా సగం అలాగే ఉండనివ్వండి. 1972 విషయంలో నేనూ అంటాను.

జ్ఞాపకాల విషయానికి వస్తే, మా బృందంలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఒక మిత్రుడు తాను చూసిన నాటకంలో కథానాయిక చివరి పాట పాడుతూ ఉండగా ఆమె కుడిచేయి ఎలా వణికిందో ఏళ్ల తరబడి వర్ణిస్తూ వచ్చాడు. మేమంతా ఆ వణుకును మా కళ్లతో చూసినట్టే నమ్మేవాళ్లం. ఒకసారి ఆయన దాచుకున్న ‘ప్లేబిల్’ను, అంటే థియేటర్‌లో ప్రేక్షకులకు ఇచ్చే ప్రదర్శన వివరాల పుస్తకాన్ని, తెరిచినప్పుడు, లోపలి నుంచి సన్నని కాగితం చీటీ ఒకటి జారిపడింది. ఆనాటి ప్రదర్శనలో ఆ పాత్రను అండర్‌స్టడీ, అంటే అసలు నటి రానప్పుడు ఆమె బదులు నటించే నటి, పోషిస్తున్నట్టు దాని మీద అచ్చు వేసి ఉంది. వణికిన చేయి టోనీ ప్రసారంలోది. థియేటర్‌లో ఆయన చూసిన నటి వేరు. మొదట ఆయన చిన్నబుచ్చుకున్నాడు. తరువాత చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చుని, ఆ రాత్రి పాడిన అమ్మాయి నాటకం మొదట్లో గొంతు తగ్గించి పాడిందనీ, విరామం తరువాత ధైర్యం వచ్చినట్టు నిలబడిందనీ, చివర్లో తోటి నటులే ఆమె వైపు తిరిగి చప్పట్లు కొట్టారనీ ఒక్కొక్కటే బయటికి తీశాడు. టెలివిజన్‌లో కొన్ని లక్షలమంది చూసిన చేతి వణుకు కంటే, ఒక్క రాత్రి ఒక్క థియేటర్‌లో ఉన్నవారు మాత్రమే చూసిన ఈ సంగతి ఎంత అరుదైనదో ఆయన చెబుతున్నప్పుడే మాకు అర్థమైంది.

అందువల్ల ఎవరి చేతైనా పాత ప్రదర్శన గురించి చెప్పించేటప్పుడు ‘ఎలా ఉంది?’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఆ ప్రశ్నకు వీడియోలోంచి జవాబు వస్తుంది. వీడియోలో లేనివాటిని అడగండి. ఎక్కడ కూర్చున్నారు, పక్కన ఎవరున్నారు, తెర లేచేముందు వేదిక మీద ఏం కనిపించింది, విరామంలో జనం ఏమనుకుంటున్నారు, ఏ మాటకు నవ్వు వచ్చింది, ఏ చోట గది నిశ్శబ్దమైంది. ఇవి పూర్తయ్యాక తేదీని, నటుల పేర్లను ప్లేబిల్ చీటీతోనూ, బ్రాడ్‌వే లీగ్ నిర్వహించే ఇంటర్నెట్ బ్రాడ్‌వే డేటాబేస్‌తోనూ పోల్చి చూడండి. ముందే పోల్చి చూస్తే చెప్పేవారు జంకుతారు, జ్ఞాపకం అక్కడే ఆగిపోతుంది.

ప్రసారాలకు కూడా వాటి సొంత జ్ఞాపకాలు ఉన్నాయి. వాటిని వేరే కాగితం మీద రాసుకోవడం మంచిది. నటి, దర్శకురాలు ఆంటోనెట్ పెరీ పేరిట ఏర్పడిన ఈ పురస్కారాల మొదటి వేడుక 1947 ఏప్రిల్ 6న వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్‌లో జరిగినప్పుడు జనం దాన్ని రేడియోలో విన్నారు. ఇప్పుడు మనం చూసే పతకం 1949లో కాని రాలేదు. 1956లో న్యూయార్క్ స్థానిక టెలివిజన్‌కు, 1967లో దేశమంతటికీ ఈ వేడుక చేరింది. 1982లో ‘డ్రీమ్‌గర్ల్స్’ కోసం జెన్నిఫర్ హాలిడే పాడిన పాట గుర్తున్నవారిలో చాలామందికి ఆ ఏడాది ఉత్తమ సంగీత నాటకం ‘నైన్’ అని గుర్తుండదు. ప్రసారం చేసే పని ఇదే: పతకం ఒకరికి పోతుంది, జ్ఞాపకం మరొకరికి దక్కుతుంది.

కొన్ని సంవత్సరాలలో వేదిక బయటి లోకం వేదిక మీదికి వచ్చింది. 2016 జూన్ 12 ఉదయానికి ఆర్లాండోలో జరిగిన కాల్పుల వార్త దేశమంతా తెలిసిపోయింది. ఆ రాత్రి ‘హామిల్టన్’ నటబృందం తమ యుద్ధ సన్నివేశపు పాటను తుపాకులు పట్టుకోకుండానే ప్రదర్శించింది. ఆ నాటకానికి 16 నామినేషన్లు, 11 పురస్కారాలు వచ్చాయన్న లెక్క ఎక్కడైనా దొరుకుతుంది. ఖాళీ చేతులతో జరిగిన ఆ యుద్ధం ఎలా అనిపించిందో మాత్రం చూసినవారే రాయాలి. 2019లో ‘ఓక్లహోమా!’కు ఆలీ స్ట్రోకర్ గెలిచి, చక్రాల కుర్చీ వాడే నటులలో ఈ పురస్కారం అందుకున్న మొదటి వ్యక్తి అయినప్పుడు, ప్రేక్షకుల మధ్య నుంచి వేదిక ఎక్కే వాలుబాట లేక ఆమె తెర వెనుక నుంచి రావలసి వచ్చింది. 2020 మార్చిలో థియేటర్లు మూతపడి అర్ధంతరంగా ఆగిన సీజన్‌కు వేడుక 2021 సెప్టెంబర్ 26న జరిగింది. సంగీత నాటక ప్రధాన నటుల విభాగంలో నామినేషన్ పొందినది ఆరన్ ట్వేట్ ఒక్కరే, అయినా ఆయన గెలవాలంటే ఓట్లలో 60 శాతం రావాలన్న షరతు ఉండేది. ఇలాంటి రాత్రుల గురించి రాసేటప్పుడు, ఆనాటికి మీరు ఎక్కడున్నారు, వార్త ఎలా తెలిసింది, గదిలో ఎవరు మాట్లాడటం మానేశారు అన్నవి తప్పక చేర్చండి.

రాయడానికి ఓపిక లేనివారి మాటలను, వారి అనుమతి తీసుకుని, ఫోన్‌లో రికార్డు చేయవచ్చు. ఒక రికార్డులో ఒక్క ప్రదర్శన గురించే మాట్లాడించాలి, మొదట్లోనే తేదీ, మాట్లాడేవారి పేరు చెప్పించాలి. లేకపోతే రెండేళ్ల తరువాత వినేవారికి ఏ గొంతు ఎవరిదో తెలియదు. ప్లేబిల్‌లను ప్లాస్టిక్ సంచిలో బిగించి పెట్టకండి, వాటిలోని చీటీలను బయటికి తీసి పారేయకండి. టికెట్ ముక్క మీది అచ్చు కాలక్రమేణా వెలిసిపోతుంది కనుక, అది చదవడానికి వీలున్నప్పుడే ఫొటో తీసి పెట్టుకోవడం అవసరం.

చివరగా, న్యూయార్క్ వెళ్లే అవకాశం ఉన్నవారికి ఒక మాట. లింకన్ సెంటర్‌లో ఉన్న న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ప్రదర్శన కళల విభాగంలో, 1970లో బెట్టీ కార్విన్ స్థాపించిన థియేటర్ ఆన్ ఫిల్మ్ అండ్ టేప్ ఆర్కైవ్ ఉంది. ఎన్నో బ్రాడ్‌వే ప్రదర్శనల పూర్తి రికార్డులు అక్కడ భద్రంగా ఉన్నాయి. విద్యార్థులు, పరిశోధకులు, రంగస్థల వృత్తిలో ఉన్నవారు ముందుగా ఏర్పాటు చేసుకుని, ఆ భవనంలోనే కూర్చుని చూడాలి. నకలు తీసుకోవడానికి వీల్లేదు. అక్కడికి వెళ్లదలచుకుంటే, బయలుదేరే ముందు రోజే మీకు గుర్తున్నదంతా కాగితం మీద పెట్టి, కింద తేదీ వేయండి. ఆ గదిలోంచి బయటికి వచ్చిన తరువాత రాసేది మీ జ్ఞాపకమో, అప్పుడే చూసిన రికార్డో మీరు కూడా తేల్చుకోలేరు.