పిల్లల అలర్జీకి ముక్కు స్ప్రే: కొట్టినా తగ్గడం లేదా?

లేవగానే వరసగా తుమ్ములు, నీళ్ళలా కారే ముక్కు, దురద తట్టుకోలేక అరచేత్తో ముక్కు కొనను పైకి తోస్తూ రుద్దుకోవడం, జ్వరం మాత్రం లేకపోవడం. ఇలాంటి పిల్లలకు డాక్టర్లు అజెలాస్టిన్, ఒలోపటాడిన్ లాంటి యాంటీహిస్టమిన్ స్ప్రేలు రాస్తుంటారు. తుమ్ములు, దురద పుట్టించే హిస్టమిన్‌ను ఇవి ముక్కులోనే అడ్డుకుంటాయి. సాధారణంగా అరగంటలోపే తేడా తెలుస్తుంది. తెలియలేదంటే మందును తిట్టుకునే ముందు కొట్టే పద్ధతి చూడండి. నా ఉద్దేశంలో చాలా ఇళ్ళలో పొరపాటు అక్కడే జరుగుతుంది.

సమస్య: "చేదు!" అంటూ ముఖం చిట్లించి, మళ్ళీ కొట్టనివ్వడం లేదు

కారణం: మందు ముక్కులో నిలవకుండా గొంతులోకి జారింది. తల వెనక్కి వాల్చి కొట్టినా, కొట్టాక గట్టిగా ఎగపీల్చినా ఇదే జరుగుతుంది. అజెలాస్టిన్ అసలే చేదు.

పరిష్కారం: ముందు ముక్కు చీదించండి. గడ్డం కాస్త కిందికి దించి, నేల వైపు చూడమనండి. స్ప్రే కొట్టాక పువ్వు వాసన చూసినంత మెల్లగా పీల్చమనండి, అంతే. అయినా చేదు తగిలితే కాసిని నీళ్ళు తాగించండి. బలవంతంగా పట్టుకుని కొట్టకండి. ఒక్కసారి భయపడితే రేపటి నుంచి సీసా చూసినా పారిపోతారు.

సమస్య: ముక్కులోంచి రక్తపు చారలు

కారణం: స్ప్రే రోజూ ముక్కు మధ్య గోడకే తగులుతోంది.

పరిష్కారం: పిల్లలు సొంతంగా కొట్టుకుంటుంటే కుడి రంధ్రానికి ఎడమ చెయ్యి, ఎడమ రంధ్రానికి కుడి చెయ్యి వాడమనండి. స్ప్రే సీసా కొన దానంతట అదే ఆ వైపు చెవి దిక్కుకు తిరుగుతుంది. మీరు కొడుతున్నా దిశ అదే. రక్తం ఆగకపోయినా, మళ్ళీ మళ్ళీ వస్తున్నా స్ప్రే ఆపి డాక్టర్‌కు చూపించండి.

సమస్య: తుమ్ములు తగ్గాయి, దిబ్బడ మాత్రం వదలడం లేదు

కారణం: ముక్కు లోపలి పొర వాచిపోయింది. ఆ వాపు మీద యాంటీహిస్టమిన్ ఒక్కటే అంతగా పనిచేయకపోవచ్చు.

పరిష్కారం: ఫ్లుటికాసోన్, మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ స్ప్రే అవసరమేమో డాక్టర్‌ను అడగండి. స్టెరాయిడ్ అనగానే టెన్షన్ పడక్కర్లేదు, చెప్పిన మోతాదులో ఒంట్లోకి చేరేది చాలా తక్కువ. కానీ దాని ఫలితం పూర్తిగా తెలియడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఈలోగా ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ లాంటి దిబ్బడ చుక్కలు సొంతంగా వేయకండి. నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, నిజమే. రోజుల తరబడి వాడితే మాత్రం దిబ్బడ ఇంకా ముదురుతుంది.

సమస్య: స్కూల్లో మగతగా ఉంటున్నారు

ముక్కులో కొట్టినా ఈ మందులు కొందరికి మత్తు తెస్తాయి. ఇంట్లో వేరే అలర్జీ సిరప్ కూడా పడుతున్నారేమో చూసి, రెండూ డాక్టర్‌కు చెప్పండి. వేళ, మోతాదు మార్చడం ఆయన పని.

సమస్య: ఏ తేడా లేదు

కొత్త సీసా అయినా, కొన్నాళ్ళు వాడకుండా వదిలేసినా మొదట గాలిలోకి నొక్కాలి. సన్నటి పొగమంచులా వస్తేనే పూర్తి మోతాదు పడుతున్నట్టు. ఎన్నిసార్లు నొక్కాలో, ఏ వయసు నుంచి వాడొచ్చో మందును బట్టి మారుతుంది, మందు పెట్టెలో ఉండే కరపత్రం చదవండి. అలర్జీ తెచ్చే దుమ్ము, పుప్పొడి, ముక్కును రేపే పొగ తగులుతూనే ఉన్నా మందు చాలదు.

ఒక్క రంధ్రం నుంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే అది అలర్జీ కాకపోవచ్చు. చిన్నపిల్లలు పూసో గింజో ముక్కులో దూర్చుకుని ఉండొచ్చు. ఇంట్లో తీయబోకండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. పిల్లికూతలు, ఆయాసం ఉంటే ఆలస్యం చేయొద్దు.