అంతరించిపోయిందన్న కూగర్ కనిపించిందని ఎవరైనా అంటే ఎలా తేల్చుకోవాలి?

నిరుడు నవంబరులో న్యూజెర్సీ నుంచి మా చిన్నాన్న కూతురు ఒక ఫోటో పంపింది. పెరట్లో చెక్క కంచె, దాని పక్కగా నడుస్తున్న గోధుమరంగు జంతువు. అప్పటికే మసక చీకటి పడింది. "అన్నయ్యా, ఇది కూగరే కదా? పిల్లలను బయటికి పంపాలంటే భయంగా ఉంది" అని కింద రాసింది. కూగర్ అంటే పిల్లి జాతికి చెందిన పెద్ద వేటజంతువు. అమెరికా తూర్పున అది అంతరించిందని ప్రకటించారు. ఆ ఫోటోను ఎలా చూడాలో, దాని నుంచి ఏమి తేల్చవచ్చో ఆమెకు వివరించడానికి ఒక సాయంత్రం పట్టింది. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఉంటున్న మనవాళ్లు ఎంతోమంది ఇదే ప్రశ్న అడుగుతున్నారు కాబట్టి, ఆనాడు చెప్పిన పద్ధతిని వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

1. అంతరించింది ఏదో ముందు తెలుసుకోండి

కూగర్, ప్యూమా, మౌంటెన్ లయన్, పాంథర్, కాటమౌంట్ అనేవి ఒకే జంతువుకు ఉన్న పేర్లు. మన పత్రికల్లో కొన్నిసార్లు దీన్ని చిరుత అని రాస్తుంటారు కానీ చిరుత వేరు, ఇది వేరు. పెద్ద కూగర్ ఒంటి మీద మచ్చలు ఉండవు. పసికూనలకు మాత్రమే ఉంటాయి, పెరిగేకొద్దీ మాయమవుతాయి.

ఒకప్పుడు ఈ జంతువు అమెరికా తూర్పు అడవుల్లో అంతటా తిరిగేది. వలస వచ్చినవాళ్లు అడవులు నరికారు, దానికి ఆహారమైన జింకలను వేటాడి దాదాపు ఖాళీ చేశారు, పైగా కూగర్ తలకు వెల కట్టి చంపించారు. వెర్మాంట్‌లోని బర్నార్డ్ దగ్గర 1881లో చంపిన కూగర్‌ను ఇప్పటికీ మాంట్‌పీలియర్‌లోని మ్యూజియంలో చూడవచ్చు. మెయిన్ రాష్ట్రంలో చివరిగా నమోదైనది 1938లో. 1973లో 'తూర్పు కూగర్'ను ప్రమాదంలో ఉన్న జంతువుల జాబితాలో చేర్చారు. 2011లో అమెరికా వన్యప్రాణి సంస్థ అది అంతరించిందని నిర్ధారణకు వచ్చి, 2018లో జాబితా నుంచి తొలగించింది.

ఈ ప్రకటనను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. అక్కడే పుట్టి, అక్కడే పిల్లలను కని, తరతరాలుగా బతికిన తూర్పు కూగర్ల సంతతి మిగల్లేదన్నదే దాని అర్థం. పడమటి నుంచి మరో కూగర్ ఆ నేల మీద అడుగు పెట్టదని అది చెప్పలేదు. ఇక మిసిసిపీ నదికి తూర్పున ఫ్లోరిడా దక్షిణ కొసలో మాత్రం కూగర్లు ఎప్పుడూ పూర్తిగా పోలేదు. 1990ల మొదట్లో అక్కడ ఇరవై ముప్పై మాత్రమే మిగిలాయి. దగ్గరి రక్తసంబంధాల వల్ల వాటి సంతతి క్షీణిస్తుండటంతో 1995లో టెక్సస్ నుంచి 8 ఆడ ప్యూమాలను తెచ్చి వదిలారు. నేడు వాటి సంఖ్య 120 నుంచి 230 దాకా ఉంటుందని అంచనా.

2. ప్రశ్నను సరిచేసుకోండి

"కూగర్ ఉందా లేదా?" అని అడిగితే వాదనే మిగులుతుంది. ఎవరైనా చూశామని చెప్పినప్పుడు ఇలా అడగండి: అది ఎవరి దగ్గరి నుంచో తప్పించుకున్న పెంపుడు జంతువా? దారిన పోయేదా? అక్కడ కాపురం ఉన్నదా? ఈ మూడింటికీ కావలసిన రుజువులు వేరు వేరు. నా ఉద్దేశంలో ఈ విషయంలో రేగే గొడవల్లో సగం, రెండోదాన్ని మూడోదిగా పొరబడటం వల్ల వస్తున్నవే.

3. ఫోటోను కొలవండి

చీకట్లో, దూరం నుంచి చూసినప్పుడు కన్ను పరిమాణాన్ని సరిగా పట్టుకోలేదు. వీధి పిల్లి కూడా భయం కలిగినప్పుడు పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే జంతువు పక్కన ఉన్న వస్తువును కొలవాలి. మా చెల్లెలితో మర్నాడు ఉదయం టేపు తీసుకొని కంచె దగ్గరికి వెళ్లమన్నాను. ఒక్కో చెక్క వెడల్పు 14 సెంటీమీటర్లు. ఫోటోలో జంతువు ముక్కు నుంచి తోక మొదలు దాకా ఐదు చెక్కల మేర ఉంది, అంటే సుమారు 70 సెంటీమీటర్లు. తోక ఒక చెక్క వెడల్పు కూడా లేదు. పెద్ద కూగర్ అయితే ఒళ్లే ఎనిమిది, తొమ్మిది చెక్కల మేర పరుచుకునేది. ఆ వెనుక తోక మరో ఐదు చెక్కలను దాటేది. ఆమె పెరట్లో నడిచింది బాబ్‌క్యాట్, అక్కడి అడవుల్లో ఉండే పొట్టి తోక అడవిపిల్లి.

ఏది చూసినా చూడకపోయినా తోకను చూడండి. కూగర్ మొత్తం పొడవులో మూడో వంతు తోకదే. అది లావుగా, బరువుగా వేలాడుతూ, కొస దగ్గర నల్లగా ఉంటుంది. చూసిన జంతువు నల్లనిదని ఎవరైనా చెబితే అది కూగర్ కాదని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు, ఎందుకంటే నల్ల కూగర్ ఉన్నట్టు ఇంతవరకూ ఎక్కడా నిర్ధారణ కాలేదు. ఆ ఫోటో ఇంతకుముందు వేరే ఊరి పేరుతో తిరిగిందేమో కూడా వెతకండి. పడమటి రాష్ట్రాల్లో తీసిన కూగర్ ఫోటో ఏటా కొత్త ఊరి పేరు తగిలించుకొని చక్కర్లు కొట్టడం మామూలే.

4. పాదముద్రను చదవండి

మంచులోనో బురదలోనో అడుగు దొరికితే, దాన్ని తాకకముందే పక్కన స్కేలు పెట్టి నిటారుగా పైనుంచి ఫోటో తీయండి. స్కేలు లేకపోతే నాణెం పెట్టినా సరిపోతుంది. ఒక్క అడుగుతో ఆపకుండా వరుసగా పడిన అడుగులన్నింటినీ తీయండి.

కుక్క అడుగులో సాధారణంగా గోళ్ల గుర్తులు పడతాయి. కూగర్ గోళ్లను లోపలికి ముడుచుకొని నడుస్తుంది కాబట్టి సాధారణంగా పడవు. మడమ మెత్తను చూడండి: కూగర్‌కు ముందు అంచున రెండు ఉబ్బులు, వెనుక అంచున మూడు ఉబ్బులు ఉంటాయి. కుక్క మెత్త ముందువైపు ఒకే ఉబ్బుతో ముక్కోణంలా ఉంటుంది. కుక్క వేళ్లు మధ్యగీతకు ఇరువైపులా సమంగా అమరి ఉంటాయి, కూగర్ వేళ్లు మన చేతివేళ్లలా ఒకటి ముందుకు, మిగతావి వెనక్కి ఉంటాయి. వెడల్పు సుమారు 7 నుంచి 10 సెంటీమీటర్లు. ఎండకు మంచు కరిగితే చిన్న అడుగు కూడా పెద్దదవుతుందని మరవకండి. మధ్యాహ్నం దాటాక తీసిన ఫోటోను నేను నమ్మను.

5. వెంట్రుక దొరికితే అదే పెద్ద సాక్షి

ఇక్కడ ఒక కూగర్ కథ చెప్పాలి. 2011 జూన్ 11న కనెక్టికట్‌లోని మిల్‌ఫర్డ్ దగ్గర హైవే మీద కారు తగిలి ఒక మగ కూగర్ చనిపోయింది. బరువు సుమారు 63 కిలోలు. ఎవరో పెంచుకున్నదే అయి ఉంటుందని మొదట అందరూ అనుకున్నారు. పరీక్షించి చూస్తే గోళ్లు తీయలేదు, వృషణాలు తొలగించలేదు, మైక్రోచిప్ లేదు, చర్మం కింద ముళ్లపంది ముళ్లు గుచ్చుకొని ఉన్నాయి. డీఎన్ఏ చూస్తే దక్షిణ డకోటాలోని బ్లాక్ హిల్స్ కూగర్లతో సరిపోయింది. అంతేకాదు, 2009, 2010 ప్రాంతంలో మిన్నెసోటా, విస్కాన్సిన్‌లలో సేకరించిన వెంట్రుకలు, మలం నమూనాలు కూడా ఇదే జంతువువని తేలింది. 2010 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్ దగ్గర మంచులో దొరికిన వెంట్రుకలూ దానివే.

కనీసం 2,400 కిలోమీటర్లు నడిచింది ఆ జంతువు. నదులు, నగరాలు, వందలాది రోడ్లు దాటి, తోడు కోసం వెతుకుతూ ఎక్కడా ఒక్క ఆడ కూగర్ వాసన కూడా తగలక ముందుకు పోతూనే ఉండి ఉంటుంది. ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు మనసు బరువెక్కుతుంది. అయితే అది దారిలో రాల్చిన నాలుగు వెంట్రుకలను మంచులోంచి ఏరి జాగ్రత్త చేసినవాళ్లు ఉన్నారు కాబట్టే ఈ ప్రయాణమంతా మనకు తెలిసింది.

కాబట్టి వెంట్రుకలు, మలం దొరికితే చేత్తో ముట్టకండి. శుభ్రమైన చేతితొడుగు వేసుకొని, పొడి కాగితపు కవరులో వేసి, తేదీ, చోటు రాయండి. ప్లాస్టిక్ సంచిలో తేమ చేరి నమూనా పాడవుతుంది.

6. తల్లి ఉందా, పిల్లలు ఉన్నాయా?

ఏడాది, రెండేళ్ల వయసులో మగ కూగర్లు పుట్టిన చోటు వదిలి చాలా దూరం పోతాయి. ఆడవి సాధారణంగా తల్లి తిరిగే మేరకు దగ్గరలోనే స్థిరపడతాయి. తూర్పున కనిపించేవాటిలో ఎక్కువ మగవి కావడానికి కారణం ఇదే. 2008 ఏప్రిల్‌లో చికాగో నగరంలో పోలీసులు కాల్చి చంపిందీ బ్లాక్ హిల్స్ నుంచి వచ్చిన మగదే. టెనెసీలో 2015లో దొరికిన వెంట్రుకలు ఆడ కూగర్‌వని తేలినప్పుడు నిపుణులు అంత ఆసక్తి చూపించింది అందుకే. అయినా ఒంటరి ఆడదానితో కాపురం మొదలు కాదు.

రోడ్లు కూడా సాక్ష్యం చెబుతాయి. ఫ్లోరిడాలో ఉన్నవి మహా అయితే 230 కూగర్లే అయినా, చాలా ఏళ్లలో ఇరవైకి పైగా వాహనాల కింద పడి చనిపోతున్నాయి. అలాగే రోడ్లు నిండి ఉన్న పెన్సిల్వేనియాలోనో న్యూయార్క్‌లోనో కూగర్లు గుట్టుగా సంసారం చేస్తుంటే వాటి కళేబరాలు, వేటగాళ్లు చెట్లకు కట్టిన వేలాది కెమెరాల్లో వాటి ఫోటోలు ఏటా బయటపడేవి. అవి బయటపడటం లేదు. అందువల్ల ఈశాన్య రాష్ట్రాల్లో కాపురమున్న కూగర్లు లేవనే నేను నమ్ముతున్నాను.

ఈ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకరు కలివికోడిని గుర్తుచేస్తారు. న్యాయమే. 1900 తర్వాత కనిపించని ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. అయితే అది ముళ్లపొదల్లో రాత్రిపూట మాత్రమే తిరిగే గుప్పెడు పక్షి. అరవై కిలోల కూగర్ జింకలను చంపి, ఆకులు కప్పి దాస్తూ తిరుగుతుంది, అడుగడుగునా ఆనవాళ్లు వదులుతుంది. రెండింటికీ ఒకే కొలబద్ద పెట్టలేం.

తిరిగి కాపురం పెట్టడం మాత్రం సాధ్యమే. నెబ్రాస్కాలో పూర్తిగా పోయిన కూగర్లు 1991లో మళ్లీ నిర్ధారణగా కనిపించాయి, ఆ తర్వాత పైన్ రిడ్జ్ ప్రాంతంలో పిల్లలు పెట్టాయి. 2025 మార్చిలో మిషిగన్ ఎగువ ద్వీపకల్పంలోని ఆంటోనాగన్ కౌంటీలో రెండు కూగర్ పిల్లలను ఒక వ్యక్తి ఫోటో తీశారు. వాటి వయసు ఏడు నుంచి తొమ్మిది వారాలు. ఆ రాష్ట్రంలో వందేళ్లకు పైగా ఇలాంటి రుజువు లేదు. 'అక్కడ కాపురం ఉన్నదా?' అన్న మూడో ప్రశ్నకు నిజమైన జవాబు ఇలాంటిది.

7. చూస్తే ఏమి చేయాలి, ఎవరికి చెప్పాలి

ఎదురైతే పరిగెత్తకండి. ముఖం అటే ఉంచి, చేతులు పైకెత్తి పెద్దగా కనిపిస్తూ, గట్టిగా అరుస్తూ నెమ్మదిగా వెనక్కి తగ్గండి. చిన్నపిల్లలను ఎక్కువగా వంగకుండానే ఎత్తుకోండి. మీద పడితే లొంగిపోకుండా తిరగబడాలి.

తర్వాత ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖకు తెలియజేయండి. చూసిన సమయం, చోటు, దూరం, వెలుతురు, తోక పొడవు, పక్కన ఉన్న వస్తువు కొలత రాయండి. అసలు ఫోటోను కత్తిరించకుండా, రంగు మార్చకుండా పంపండి. చోటు పేరు మాత్రం అందరికీ కనిపించేలా ఎక్కడా పెట్టకండి. తుపాకులు పట్టుకొని వచ్చేవాళ్లు కూడా అది చదువుతారు.