పాత పేటలో బాగుచేసిన ఫ్లాట్‌ను అద్దెకు తీసుకునే ముందు

చారిత్రక పేటల్లోని పాత భవనాలలో కొత్తగా బాగుచేసిన ఒక పడకగది ఫ్లాట్లు ఎత్తైన కప్పులతో, మందపాటి గోడలతో చూడగానే మనసుకు పట్టేస్తాయి. అయితే రంగులు వేసి, గచ్చు మీద టైల్స్ పరిచినంత మాత్రాన పాత ఇల్లు బాగుపడదు. గోడల లోపలి తీగలను, పైపులను మార్చారా, చెమ్మకు మూలమేమిటో చూశారా అన్నది తేల్చుకున్నాకే అద్దె మాట ఎత్తడం మంచిది. ఏ పనిని ఏ సంవత్సరంలో చేయించారని యజమానిని సూటిగా అడిగితే, నిజంగా పని చేయించినవారు తడుముకోకుండా చెబుతారు.

అన్నిటికంటే ఎక్కువ సమయం చెమ్మకే కేటాయించాలి. సున్నంతో కట్టిన పాత గోడలు నేల నుంచి పీల్చుకున్న తేమను మెల్లగా గాలిలోకి వదిలేస్తాయి. వాటిపై సిమెంటు పూత పూసి, గాలి చొరని రంగు వేస్తే తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి, కొంతకాలానికి రంగు పొంగి పెచ్చులూడుతుంది. కింది అంతస్తులో నేల నుంచి ఎగబాకే చెమ్మ సాధారణంగా మీటరు ఎత్తు దాకా కనిపిస్తుంది కనుక, గోడల అడుగు భాగాన్ని, ముఖ్యంగా అల్మారాల వెనుకా మంచం తల వైపునా, చేత్తో తడిమి చూడాలి. వేళ్లకు తెల్లని ఉప్పు పొడి అంటినా, వేలి కణుపుతో తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చినా, గదిలో ఒక్క గోడకే కొత్త రంగు కనిపించినా కారణం అడగాలి. ఉన్నది ఒక్క పడకగదే కాబట్టి, అది చెమ్మగిల్లితే మంచం మార్చుకోవడానికి మరో గది ఉండదు. వీలైతే గట్టి వాన కురిసిన మర్నాడు ఇంకొకసారి వెళ్లి చూడండి. తలుపు తెరవగానే వచ్చే ముక్కవాసనే సగం సంగతి చెబుతుంది.

కరెంటు విషయంలో మీటరు పెట్టె తెరిపించి, షాక్ నుంచి మనుషులను కాపాడే 30 మిల్లీఆంపియర్ల లీకేజీ బ్రేకర్ ఉందో లేదో చూడాలి. దాని టెస్ట్ బటన్ నొక్కితే కరెంటు వెంటనే ఆగిపోవాలి. పెద్ద ఇంటిని విడగొట్టి చిన్న ఫ్లాట్లుగా మార్చినచోట మీటరు విడిగా ఉందా, పక్కవారితో కలిసి ఉందా అన్నది తప్పక తెలుసుకోవాలి. నీళ్ల సంగతి ఇంకా సులువు: షవర్ తిప్పి, వంటింటి కుళాయి కూడా తెరిచి, ఫ్లష్ నొక్కి చూడండి. ధార బాగా సన్నబడితే లోపల తుప్పు పట్టి ఇరుకైన పాత ఇనుప పైపులు ఉండి ఉండవచ్చు. తలుపులు, కిటికీల మీద పొరలు పొరలుగా ఉన్న పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కనుక, పసిపిల్లలున్నవారు దానిని గీకే పని పెట్టుకోకూడదు.

వారసత్వ కట్టడాల నిబంధనలు వర్తించే పేటల్లో వీధివైపు కిటికీలు మార్చడానికి, ఏసీ బయటి యంత్రం బిగించడానికి సాధారణంగా అనుమతి కావాలి. అందుచేత ఒంటి అద్దపు కిటికీ గుండా వచ్చే వీధి చప్పుడును భరించగలరో లేదో రాత్రిపూట వెళ్లి తేల్చుకోవాలి. తరువాత కిటికీ మార్పిద్దామంటే అది యజమాని చేతిలో కూడా ఉండకపోవచ్చు. మెట్ల మలుపును టేపుతో కొలవడం చిన్న పనే గాని, ఫ్రిజ్ మధ్యలో ఇరుక్కున్నాక గుర్తుకొచ్చి లాభం లేదు.

ఒప్పందంలో అద్దె, అడ్వాన్సు, ఖాళీ చేసే గడువుతో పాటు చెమ్మ, పైపులు, తీగల మరమ్మతులు ఎవరివో, ఎన్ని రోజుల్లో చేయించాలో స్పష్టంగా రాయించుకోవాలి. భవనం బయట మరమ్మతులు జరుగుతూ పరంజా కట్టి ఉంచిన నెలల్లో అద్దె తగ్గిస్తారా అన్నది కూడా అప్పుడే అడగడం మంచిది. తాళాలు తీసుకునే రోజున ప్రతి గోడను, కిటికీని, మీటరు అంకెలను తేదీ కనిపించేలా ఫోటోలు తీసి, అదే రోజు యజమానికి పంపించండి.